కుడివైపు పతకం

విల్ఫ్రెడ్ హాజ్‌వెల్ పతకాలు నాలుగూ జానెడు కడ్డీకి వరసగా కుట్టి ఉంటాయి. రెండు సైన్యంలో ఉన్నప్పటివి. ఒకటి మలయా అడవుల్లో పోలీసు అధికారిగా తొమ్మిదేళ్ళు తిరిగినందుకు. నాలుగోది, వెండిది, సాహసానికి. ఇంగ్లండు తీరంలోని సీహౌసెస్ ఊరంతటికీ అలాంటిది అదొక్కటే. అందుకే నవంబరులో యుద్ధాల్లో పోయినవాళ్ళను తలచుకునే ఆదివారం నాడు, స్తూపం దగ్గర ముందు వరసలో ఆయన ఉండి తీరాలి.

ఆ ఆదివారం పొద్దున ఈనిడ్ వంటింట్లో కూర్చుని మొగుడి పతకాలు తోముతోంది. విల్ఫ్రెడ్ వచ్చి పక్కన కత్తెర పెట్టాడు.

"ఆ వెండిది విడదియ్యి. కుడివైపు పెట్టుకుంటాను."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఎడమవైపు ఎవరివి వాళ్ళు పెట్టుకుంటారు. కుడివైపు పెట్టుకునేవి పోయిన అయినవాళ్ళవి.

"మతి పోయిందా ఏం? అది నీదేగా!"

"కాదు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పాడు. పంతొమ్మిది వందల యాభై ఒకటిలో మలయా రబ్బరుతోటల దారిలో వాళ్ళ లారీ మీద కాల్పులు జరిగాయి. తొడలో తూటా దిగి విల్ఫ్రెడ్ కాలవలో పడ్డాడు. సార్జెంటు యాసిన్ బిన్ కులోప్ తనకూ కడుపులో తగిలినా ఆయన్ని వీపున వేసుకుని మైలు దూరం మోశాడు. మర్నాడు పోయాడు. ఆస్పత్రికి పైఅధికారి తెచ్చిన కాగితంలో కథ తిరగబడింది. మోసింది దొర, మోయించుకున్నది సార్జెంటు. తప్పని తెలిసీ విల్ఫ్రెడ్ కిక్కురుమనకుండా సంతకం పెట్టాడు. ఆ సంతకమే ఆయనకు పతకమూ, పై ఉద్యోగమూ తెచ్చిపెట్టింది. ఉద్యోగంలో ఎందరు దొంగల్ని పట్టుకున్నాడో గానీ, ఇంత పెద్ద దొంగతనం చేసినవాణ్ణి మాత్రం నలభై ఆరేళ్ళూ అద్దంలో చూస్తూ వదిలేశాడు.

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"పోయిన నెల పబ్బులో పడవల క్లిఫర్డ్ అడిగాడు, 'ఆ సార్జెంటు ఎంత బరువుండేవాడోయ్' అని. గ్లాసు అక్కడే వదిలేసి వచ్చేశాను."

"ఇన్నేళ్ళూ నేను తోమింది ఎవరి పతకాన్ని?" ఈనిడ్‌కు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. "ఊళ్ళో తల ఎత్తుకుని తిరగగలమా ఇక?"

ఆయన కత్తెర అందుకోబోయాడు. ఆవిడే దాన్ని లాక్కుని దారాలు ఒక్కొక్కటే తెంపింది. పతకాన్ని కుడివైపు తనే గుచ్చింది, కాస్త గట్టిగానే.

స్తూపం దగ్గర వరసలు సరిచేస్తున్నది పడవల క్లిఫర్డే. చూడగానే నవ్వాడు.

"ఏమోయ్ విల్ఫ్, కుడిఎడమలు మర్చిపోయావా ముసలాడా?"

"మర్చిపోలేదు. ఇది యాసిన్‌ది. మా సార్జెంటు."

"నువ్వు మోసుకొచ్చినాయనదా?"

"ఆయనే నన్ను మోసింది. ఎంత బరువని అడిగావుగా? ఆయన బరువు నాకు తెలీదు క్లిఫ్. నా బరువు ఆయనకు తెలుసు."

పక్కనున్నవాళ్ళందరూ విన్నారు. క్లిఫర్డ్ నవ్వు పోయింది. ముందు వరస కేసి ఒకసారి చూసి, తల దించుకుని పక్కకు జరిగాడు. విల్ఫ్రెడ్ ఎవరూ చెప్పకుండానే నడుచుకుంటూ వెళ్ళి ఆఖరి వరసలో చివర నిలబడ్డాడు. ఆడవాళ్ళు నిలబడే చోటు నుంచి ఈనిడ్ గబగబా వచ్చి, ఆయన కుడిపక్కన నిలబడింది.