జిల్లేడు కొమ్మ మీది పురుగులు

వల్లూరులో మా వేరుశనగ భూమంతా సోలార్ పలకల కిందికి పోయింది. బావి పక్కన చిన్న చేనిచెక్క ఒకటి మిగిలింది. దాన్ని ఉంచమని అడిగింది నేనే. మా ఆయన పలకల దగ్గర వాచ్‌మన్‌గా చేస్తాడు, ఇంటికి జీతం వస్తుంది. అయినా దేవుడి ముందు పెట్టే మొదటి కాయ మన మట్టిలోది కావాలని నాకు ఆశ. ఆ ఏడు అక్కడ అనప చిక్కుడు వేశాం.

పూత వేళకు మబ్బు పట్టింది. లేత కొనలన్నీ నల్లటి పేనుబంకతో నిండి, ముట్టుకుంటే వేళ్లకు జిగురు అంటింది. ఈసారి కాయ రాకపోతే ఈ చెక్క కూడా ఇచ్చేద్దామని మా ఆయన అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే భయం వేసింది.

శనివారం ఆంజనేయస్వామికి దండ కోసం కంచె పక్క జిల్లేడు పూలు కోస్తాను. ఆ వారం ఒక కొమ్మ నిండా పసుపురంగు పేను, దాని మీద అక్షింతల పురుగులు కనిపించాయి. అవే, ఎర్రటి వీపు మీద నల్లచుక్కలుండే గుండ్రటివి. చూస్తుండగానే ఒకటి పేనును నమిలేసింది. స్వామే చూపించాడనుకుని, ఆ పురుగులను చెంబులోకి దులిపి, మూత పెట్టి తెచ్చి అనప మొక్కల మీద వదిలాను.

కొన్నాళ్లకు అవి ఒక్కటీ కనబడలేదు. వాటి బదులు కొనల మీద నల్లటివి, ముళ్లముళ్లవి, మొసలిపిల్లల్లాంటివి పాకుతున్నాయి. నేను తెచ్చిన పురుగులు ఎటు పోయాయి? ఇవి ఎక్కడివి? జిల్లేడు నుంచి నేనే ఏదో కొత్త చీడను తెచ్చిపెట్టానా?

మా అత్త చూసి, "పూలకని పోయి పురుగుల్ని తెచ్చింది నా కోడలు" అంది.

మా ఆయన అంగడి నుంచి మందు సీసా తెచ్చాడు. శనివారం దాకా ఆగమన్నాను.

"శనివారం ఏమైతాది మే?" అన్నాడు.

ఏమవుతుందో నాకూ తెలియదు. స్వామి రోజు కదా, అంతే.

రోజూ వెళ్లి మొక్కల ముందు కూర్చున్నాను. ఆ నల్లటివి పేనును పట్టుకుని పీల్చేయడం కళ్లారా చూశాను. సంతోషించాలో లేదో తెలియలేదు. పేను అయిపోతే ఆకు మీద పడతాయని అత్త అంటోంది. కాదనడానికి నాకేం తెలుసు? బడికి పోలేదు, ఇంట్లో అమ్మ నేర్పిన చదువులో పురుగుల పాఠం లేదు. అంతలో అవి తోక ఆకుకు అంటించుకుని కదలడం మానేశాయి. చచ్చాయనుకున్నాను. నేనే చంపానేమోనని కూడా అనుకున్నాను.

శనివారం పొద్దున పూలకు పోతూ చేనులో ఆగాను. ఆకుకు అంటుకున్న ఒక ముద్ద వీపున పగిలింది. లోపలినుంచి గుండ్రటి పురుగు మెల్లగా బయటికొచ్చింది. ఒళ్లంతా పసుపు, ఒక్క చుక్క లేదు. ఇది మూడోరకమా? మా ఆయనను పిలిచాను. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఎండ ఎక్కేకొద్దీ పసుపు ముదిరింది, దాని మీద ఒక్కొక్కటిగా నల్లచుక్కలు తేలాయి.

"ఇది అదే కదా" అన్నాడు.

"అదే మాదిరి ఉండాది."

ఆయన లేచాడు. ఇంటికి పోయి, మూత తీయని సీసాను అటక మీద పెట్టాడు. ఆ రోజు దండ మధ్యాహ్నానికి గానీ స్వామికి చేరలేదు.

కొన్ని కొనలు ముడుచుకునే ఉండిపోయాయి, కాయ మాత్రం వచ్చింది. మొదటి కాయలు దేవుడి ముందు పెట్టి దండం పెట్టుకున్నాను. అన్ని ప్రాణులూ చల్లగా ఉండాలని అలవాటుగా అనేసి, నడుమ ఆగిపోయాను. పేను కూడానా? ఆ మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

భూమి ఇస్తావా అని అడగడానికి వచ్చిన సోలార్ వాళ్లతో, ఈ ఏడు కాదప్పా, చేనులో కాయ ఉండాదని మా ఆయన చెప్పినాడట. ఇప్పుడు పేను పట్టిన జిల్లేడు కొమ్మలను పూలతో సహా వదిలేస్తాను. దండ చిన్నదైందేమని మొన్న అత్త అడిగింది.

"పురుగుల వాటా వదిలిపెట్టినాను" అన్నాను.

"స్వామి ఒప్పుకున్నాడా?"

నేను ఇంకా అడగలేదు.