యూసుఫ్ చిచ్చా ఎంచిన మందం గ్యాస్కెట్

ముందుగా క్షమాపణలు. జామకాయలు, గోలీలాటలు చదువుకుందామని వచ్చిన సహృదయులకు, నాకు నాలుగేళ్లు మెకానికల్ ఇంజినీరింగ్ బోధించి అలసిపోయిన గురువులకు, సమస్త ట్రాక్టర్ జాతికి సాష్టాంగ నమస్కారాలతో... ఈ పోస్టు నిండా డీజిల్ వాసనే. ముక్కు మూసుకుని చదవగలరు.

మా చిన్నప్పుడు... అంటే రాజుల కాలమేం కాదు, తెలంగాణ వచ్చిన మరుసటేడు. నేను ఆరో తరగతి. కట్టంగూర్ పక్కన మా ఊరు. తొలకరి పడింది. పదును ఆరేలోపు దున్నాలని సగం ఊరు మా బాపు ట్రాక్టర్ కోసం చూస్తుంటే, అది చెలక నడుమ ఆవిరి కక్కి ఆగిపోయింది.

బాపు దోస్తు యూసుఫ్ చిచ్చా వచ్చాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఆయన మెకానిక్. ఇద్దరూ ఒకే బండి మీద డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లు.

మా వాకిట్లో ఇంజన్ మీది హెడ్ విప్పాడు. మూత లాంటి ఇనుప దిమ్మె అది. తిరగేసి పెట్టి, దాని మీద ఉక్కు పట్టీని అంచున నిలబెట్టాడు.

"గిట్ల వంగి చూడు బేటా. పట్టీ కింద వెల్తురు కనవడ్తుందా?"

"కనవడ్తుంది చిచ్చా."

"గా వెల్తురే దీని బీమారి. వేడికి వంగింది."

ఆ వంపు సాపు చేయించడానికి నల్గొండ లేత్ షాపుకు ముగ్గురం పోయాం. సానరాయి తిరుగుతుంటే హెడ్ మీది మసి పోయి వెండి రంగు తేలింది... ప్రతి కోతకూ చిచ్చా ఆపించి పట్టీ పెట్టి చూశాడు. లేత్ ఆయనకు విసుగొచ్చింది.

"పెండ్లి సంబంధం చూస్తున్నవా భాయ్, గన్నిసార్లు?"

"సంబంధమే. మల్ల ఇడిపోవద్దు గద."

ఇంజనుకూ హెడ్‌కూ నడుమ పరిచే పల్చని రేకే గ్యాస్కెట్. మంటనూ నీళ్లనూ కలవకుండా ఆపేది అదే. కింద నలుసున్నా సరిగ్గా అతకదు. దుకాణంలో రెండు రకాలు చూపించారు. బాపు ఎప్పటి రకమే పట్టుకున్నాడు. చిచ్చా మందంది తీశాడు.

"మనకు అలవాటు లేంది ఎందుకు యూసుఫ్?"

"హెడ్ కోసినం గద భాయ్. అది ఎంత పల్చగైందో గంత మందం గీడ రావాలె. లేకుంటే పిస్టన్ పోయి వాల్వులకు తగుల్తది."

"లీకైతే?"

"లీకైతే నన్నడుగు."

మర్నాడు శుక్రవారం. ఇంజన్ పైభాగాన్ని పెట్రోలు గుడ్డతో అద్దంలా తుడిచి, గ్యాస్కెట్ పరిచి, చిచ్చా నమాజుకు బయల్దేరాడు. పోతూ నన్ను కాపలా పెట్టాడు. "ఎవ్వల్ని ముట్టనియ్యకు. నువ్వు గూడ ముట్టకు." నేను సరిహద్దులో జవానులా నిలబడ్డాను. ఆయన తిరిగొచ్చి హెడ్ దించి, వరుస తప్పకుండా బోల్టులు బిగించాడు.

రెండు రోజులు ట్రాక్టర్ బుద్ధిగా దున్నింది. మూడో రోజు తెల్లపొగ... రేడియేటర్‌లో అన్నం ఉడికినట్టు బుడగలు. చూసి చూసి రైతులు వేరే ఊరి ట్రాక్టర్లు పిలిపించుకున్నారు. పదును ఎవరి కోసం ఆగుతుంది?

బాపు పదిమంది ముందే నిలదీశాడు.

"లీకైతే అడుగన్నవు. అడుగుతున్న."

చిచ్చా మళ్లీ హెడ్ విప్పాడు. గ్యాస్కెట్ లేపాడు. వంగి దాని కింద చాలాసేపు చూశాడు. తర్వాత గుడ్డతో ఒకచోట తుడిచాడు. తల ఎత్తి నా వైపు చూశాడు... నేను కోళ్లను చూశాను.

"గల్తీ నాదే భాయ్," అన్నాడు.

అంతే. బాపు నల్గొండ నుంచి వేరే మెకానిక్‌ను తెచ్చాడు. 'యూసుఫ్‌కు గ్యాస్కెట్ ఎంచ చేతకాదు' అన్న మాట ఊళ్లు దాటింది. షెడ్డు ముందు ట్రాక్టర్లు తగ్గాయి... తర్వాత ఆగిపోయాయి. రెండేళ్లకు రేకులు కూడా విప్పేశారు. చిచ్చా పట్నంలో ఏదో గోదాముకు వాచ్‌మన్‌గా పోయాడు. పెండ్లిళ్లలో ఎదురుపడినా బాపు ఒక వైపు, ఆయన ఒక వైపు...

పోయిన నెల బాపు ఫోన్ చేశాడు. "యూసుఫ్ గుజరిండంట రా, పానం పోయిందంట. మంచి చెయ్యి వానిది. గా ఒక్క గ్యాస్కెట్ కాడనే తప్పు చేసిండు."

నేను ఊఁ కొట్టాను. డిగ్రీ ఉంది కదా, ఊఁ కొట్టడం బాగా వచ్చు.

ఇప్పుడు బండి చెడితే ఫోనులో నొక్కితే యూనిఫాం వేసుకున్న అబ్బాయి వస్తాడు. పని బాగానే చేస్తాడు. కానీ 'లీకైతే నన్నడుగు' అనే మనిషి ఏడి... మీ ఊళ్లోనూ అట్లాంటి మెకానిక్ ఉంటే ఆయన పేరు కింద రాయండి. బతికుంటే ఇవాళే ఫోన్ చేయండి.

ఇక నేను చేసిన పని ఒక్కటే. మా అవ్వ కొత్త టైరుకైనా, కొత్త బ్యాటరీకైనా బొట్టు పెట్టందే బండి కదలనిచ్చేది కాదు. చిచ్చా నమాజుకు పోయిన ఆ కాసేపట్లో నేను గ్యాస్కెట్ మెల్లగా లేపి, ఆయన తుడిచిన ఇంజన్ మీద తడి పసుపుతో మూడు బొట్లు దిట్టంగా పెట్టి, మీద కుంకుమ అద్ది, కనిపించకుండా మళ్లీ గ్యాస్కెట్ కప్పేశాను. ట్రాక్టర్‌కు మంచి జరగాలనే పెట్టాను. చిచ్చా ఆ రోజు గుడ్డతో తుడిచింది వాటినే. బాపూ, గ్యాస్కెట్ సరైనదే.