సున్నా పేజీ

మా అత్తయ్యకు పట్టుదల ఎక్కువని అందరూ అంటారు. నేను మొండితనం అంటాను. మేనకోడల్ని కాబట్టి ఆ మాత్రం అనే హక్కు నాకుంది. పైగా నేను కంప్యూటర్ల షాపులో పనిచేస్తాను. "ఇది కుదరదండీ" అని రోజుకు పదిమందికి చెప్పడమే నా ఉద్యోగం. అదే మాట అత్తయ్యకూ చెప్పి, తర్వాత నాలుక కరుచుకున్నాను.

అత్తయ్య ఇంట్లోనే కూర్చుని పుస్తకాలకు డీటీపీ చేస్తుంది. మామయ్య ప్రూఫ్ రీడరు, అంటే ఆమె కూర్చిన పేజీల్లో తప్పులు పట్టే మనిషి. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఇదే తంతు. ఆమె కూర్చడం, ఆయన దిద్దడం, ఆ తప్పు ఎవరిదని ఇద్దరూ పోట్లాడుకోవడం. ఏ అక్షరం కింద వత్తు జారిపోయినా ఆయన కంట పడకుండా పోయేది కాదు. అందుకే ప్రెస్సులో అందరూ ఆయన్ని చాటుగా "వత్తులాయన" అనేవారు. ఆ పేరు ఆయనకు తెలుసు. తెలిసి, లోలోపల మురిసిపోయేవాడు.

ఒక్క తప్పు కూడా దొరకని పేజీ అడుగున ఆయన పెన్సిలుతో చిన్న సున్నా చుట్టేవాడు. బడిలో నాకు సున్నా వస్తే వీపు విమానం మోత మోగేది. ఈ ఇంట్లో సున్నా వస్తే అత్తయ్య ఆ రోజంతా కూనిరాగాలు తీసేది. చివరికి ప్రెస్సువాళ్ళు కూడా ఫోన్ చేసి "సున్నా పేజీలు ఎన్నయ్యాయమ్మా?" అని అడగడం అలవాటు చేసుకున్నారు.

మూడేళ్ళ కిందట వాళ్ళ చేతికి ఎనిమిది వందల పేజీల పదకోశం వచ్చింది. మొదలుపెట్టిన రోజే అత్తయ్య రెండో పేజీ కూర్చేసింది. అక్షరకూర్పు అని రాసి తన పేరు, దాని కింద ప్రూఫులు అని రాసి మామయ్య పేరు. అన్ని పుస్తకాలు చేసినా ఒక పుస్తకంలో ఇద్దరి పేర్లూ పడడం అదే మొదటిసారి. సగం దాటి 'ప' అక్షరంలో ఉండగా మామయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఏదైనా తాగితే పొరబోతుంది కాబట్టి ఒంటరిగా వదలొద్దన్నారు డాక్టరు.

కంప్యూటరేమో ముందు గదిలో ఉంది. మామయ్య మంచం వెనక గదిలో. మధ్యలో నడవ, వంటిల్లు, రెండు గోడలు. అత్తయ్య నాలుగు లైన్లు కొట్టడం, లోపలికి పరుగెత్తడం, మళ్ళీ వచ్చేసరికి ఎక్కడ ఆపిందో వెతుక్కోవడం. వారం తిరిగేసరికి మనిషి సగమైంది.

నేను షాపు నుంచి ఒక కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి మంచం పక్కన పెట్టాను. అత్తయ్య వాడే ఫాంట్లు పాతకాలానివి, ఆ ముసలి కంప్యూటరుకు తప్ప ఇంకెవరికీ లొంగవు. ల్యాప్‌టాప్‌లో పదకోశం తెరిస్తే పేజీ నిండా కోడి కెలికినట్టు గీతలు కనిపించాయి. పోనీ కంప్యూటరునే వెనక గదిలోకి మారుద్దామంటే చక్రాల కుర్చీ తిరగడానికి చోటుండదు. అదీగాక అయిదేళ్ళ కిందట బూజు దులపడానికి దాన్ని మూరెడు జరిపితే నాలుగు రోజులు అలిగి కూర్చుంది.

"అది అక్కడే ఉంటుంది. నేను ఇల్లంతా ఉంటాను. వైరు లేని కీబోర్డు, మౌసు ఉంటాయటగా, తెచ్చిపెట్టు" అంది అత్తయ్య.

"రెండు గోడలు దాటి సిగ్నల్ రాదు అత్తయ్యా, కుదరదు" అన్నాను.

"నువ్వు తేవే. కుదురుతుందో లేదో నేను చూసుకుంటా."

తెచ్చాను. గోరంత రిసీవర్‌ను కంప్యూటరు వెనక గుచ్చి, కీబోర్డును ఆమె చేతిలో పెట్టాను. ఆమె సిగ్నల్ గురించి నన్ను ఒక్క ముక్క అడగలేదు. నన్ను స్క్రీను ముందు కూర్చోబెట్టి, కీబోర్డు చంకలో పెట్టుకుని, చేతిలో సుద్దముక్కతో బయలుదేరింది. ఒక అడుగు వేయడం, 'అ' కొట్టడం. "వచ్చిందా?" అని అరుపు. "వచ్చింది" అని నేను. మళ్ళీ ఒక అడుగు, మళ్ళీ ఒక 'అ'. నడవ మధ్యకు వెళ్ళేసరికి 'అ' ఆగిపోయింది. అక్కడ నేల మీద గీత గీసింది. పక్కకు జరిగి చూసింది, వెనక్కి వచ్చి చూసింది, స్టూలెక్కి కూడా చూసింది. సాయంత్రానికి ఇంట్లో నేలంతా సుద్ద గీతలు. వాటిని కాసేపు తేరిపార చూసి, "అడ్డం గోడలు కాదే. నా పెళ్ళినాటి బీరువా" అంది.

నడవలో ఉన్న ఆ ఇనప బీరువా ఖాళీ చేసి ఇద్దరం పక్క గోడకు ఈడ్చాం. నా నడుము మూడు రోజులు నా మాట వినలేదు. రిసీవర్‌కు పొడుగు వైరు తగిలించి తలుపు మీది వెంటిలేటర్ దాకా ఎక్కించాం. ఈసారి అత్తయ్య వెనక గది చివర, మామయ్య మంచం మీద కూర్చుని కొట్టింది. స్క్రీన్ మీద 'అ' పడింది. ముందు గదిలో ఒక్కదాన్నే కూర్చుని చప్పట్లు కొట్టాను. షాపులో నేను అమ్మే సరుకు గురించి నాకంటే ఆమెకే ఎక్కువ తెలిసింది. చిన్నతనంగా అనిపించలేదు సరికదా, మా అత్తయ్య అని ఒళ్ళు పొంగింది.

స్క్రీను మీది బొమ్మను గాల్లోంచి పంపే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. అది తెచ్చి, వెనక గదిలో గోడకున్న పాత టీవీకి కలిపాను. ముందు గదిలో ఏం కనిపిస్తే అదే మామయ్య మంచం ఎదుటా కనిపించేది. అత్తయ్య ఇక ఎక్కడుంటే అక్కడే ఆఫీసు. ఓ రోజు నేను ముందు గదిలో ప్రింటు తీస్తుంటే పదకోశం మధ్యలో ఱఱఱఱఱ అని నాలుగు లైన్లు దూసుకొచ్చాయి. వంటింట్లోకి పరుగెత్తాను. అత్తయ్య కీబోర్డు మీద కూరగాయల పళ్ళెం పెట్టి తీరిగ్గా ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఱ అక్షరాన్ని ఇప్పుడెవరూ వాడరని జాలిపడ్డావా అత్తయ్యా?" అన్నాను.

"నీ మొహం! ముందు అవి చెరుపు, మీ మామయ్య చూస్తే పరువు పోతుంది" అంది.

ఆమె ఆ మాట అలవాటు కొద్దీ అంది. మామయ్య టీవీ వంక చూస్తున్నాడు తప్ప చదువుతున్నాడని మేం ఎవరమూ అనుకోలేదు.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం అత్తయ్య మంచం పక్కన కూర్చుని పనిచేస్తోంది. మౌసు మామయ్య ఎడమ చేతి దగ్గర దుప్పటి మీద ఉంది. టీవీలో బాణం గుర్తు కదిలి ఒక మాట కింద ఆగింది. చెయ్యి తగిలిందనుకుని ఆమె దాన్ని పక్కకు జరిపింది. బాణం మళ్ళీ అక్కడికే వచ్చింది. మళ్ళీ జరిపింది, మళ్ళీ వచ్చింది. విసుక్కుంటూ ఆ మాట చూసింది. అర్థం అని ఉండాల్సిన చోట అర్ధం అని ఉంది. పొట్టలో ఒక్క చుక్క లేక అర్థం కాస్తా సగమైపోయింది.

ఆమె మామయ్య వైపు తిరిగింది. ఆయన కళ్ళు ఆమెనే చూస్తున్నాయి, ఎప్పటిలాగే ఈ తప్పు ఎవరిది అన్నట్టు. అత్తయ్య ఏడ్చిందని నాకు చెప్పలేదు. "తప్పు నాదేనని ఒప్పుకున్నానే" అని మాత్రం చెప్పింది. ఇరవై ఆరేళ్ళలో ఆమె ఒప్పుకోవడం అదే మొదలు.

మర్నాడే ఆయన ఒళ్ళో పరీక్ష అట్ట, దాని మీద మౌసు. తప్పుంటే బాణం ఆగేది. లేకపోతే పేజీ అడుగుకు వెళ్ళి వంకరటింకరగా ఒక సున్నా చుట్టేది. రోజుకు ఆరు పేజీలు. మిగిలిన పదకోశమంతా అలాగే అయింది.

ఇక చివరి పేజీలు తీసుకెళ్ళడమే తరువాయి అనుకుంటుండగా ప్రెస్సు ఓనరు ఫోన్ చేశాడు. "గురువారం వస్తానమ్మా. ఆ రెండో పేజీలో మాస్టారి పేరు తీసేద్దాం. మంచాన ఉన్న మనిషి ప్రూఫులు చూశారంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆయనే చూస్తున్నారు బాబూ" అంది అత్తయ్య.

"అలాగేనమ్మా, అలాగే" అన్నాడు ఆయన, పసిపిల్లల్ని సముదాయించే గొంతుతో. నాకు ఒళ్ళు మండింది. అత్తయ్య ఆ సంగతి మామయ్యకు చెప్పలేదు. ఏమని చెబుతుంది? ఇల్లంతా సుద్దముక్కతో గీసింది, బీరువా ఈడ్చింది ఇద్దరి పేర్లతో ఆ పుస్తకం పూర్తి చెయ్యడానికే కదా.

గురువారం పొద్దున ఓనరు వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, కాకపోతే తొందరమనిషి. అత్తయ్య ఆయనకు కాఫీ ఇచ్చి, మామయ్యకు పట్టడానికి ఇంకో గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఓనరు రెండో పేజీ తెరిచి, "ఇది తీసెయ్యమ్మా" అన్నాడు నాతో.

"నా వల్ల కాదండీ. మీరే తీసుకోండి" అన్నాను, ఉన్న కోపమంతా గొంతులో పెట్టి.

ఆయన బల్ల మీది పాత కీబోర్డు దగ్గరకు లాక్కుని, మామయ్య పేరును చివరి అక్షరం నుంచి ఒక్కొక్కటే చెరిపాడు. వెనక గది టీవీలో కూడా అవి ఒక్కొక్కటే మాయమవుతున్నాయని నాకు గుర్తొచ్చి, నడవ వైపు తిరిగాను.

ఓనరు జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి, తాను రాసి, తన ఆఫీసులో కూర్పించుకొచ్చిన ముందుమాట పదకోశంలో చేర్చాడు. "ఇది చూడక్కర్లేదు, మా వాళ్ళు రెండుసార్లు చూశారు" అంటూ బల్ల మీది పాత మౌసు వదిలేశాడు.

బాణం కదిలింది.

ఎవరూ మౌసు ముట్టుకోలేదు. అది నెమ్మదిగా, ఎడమ చేతి తడబాటుతో నడిచి, మూడో లైనులో ఒక మాట కింద ఆగింది. ఎంతో శ్రద్దతో అని ఉంది అక్కడ. ఓనరు మౌసుతో దాన్ని పక్కకు తోశాడు. అది తిరిగొచ్చి అక్కడే నిలబడింది.

"ఏమైందమ్మా దీనికి?"

"దానికేం కాలేదండీ. మీ శ్రద్ధకే వత్తు లేదు" అన్నాను. నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. ఈలోగా బాణం పేజీ అడుగుకు దిగింది. ధన్యవాదాలు అని ఉండాల్సిన చోట ధన్యవాధాలు అని ఉంది. దాని కింద ఆగింది. ఓనరు నోరు వెళ్ళబెట్టాడు.

"ఎవరమ్మా కదుపుతున్నది?"

"ప్రూఫ్ రీడరు గారు. లోపలున్నారు."

తన పేరు చెరిపేస్తుంటే చూస్తూ కూడా మామయ్య దాని జోలికి పోలేదు. తన పని తాను చేశాడు. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది.

ఓనరు రెండు తప్పులూ తన చేత్తోనే దిద్దాడు. తర్వాత గొంతు సవరించుకుని లోపలికి వినపడేలా, "అమ్మా, ఆ పేరు మళ్ళీ మీరే వేసెయ్యండి" అన్నాడు.

అత్తయ్య ముందు గదిలోకి రాలేదు. రెండో పేజీ దానంతటదే తెరుచుకుంది. ప్రూఫులు అన్న మాట ఎదురుగా అక్షరాలు ఒక్కొక్కటే పడసాగాయి, గుణింతాలతో, వత్తులతో, ఏదీ తప్పకుండా. సగం పేరు పడేసరికి ఓనరు తనకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అన్నీ సరిగ్గా ఉన్నాయా, బాబూ?" అని వెనక గదిలోంచి అత్తయ్య కేక.

"నన్నెందుకమ్మా అడుగుతారు?" అన్నాడు ఓనరు. "పక్కనే ఉన్నారుగా, ఆయన్ని అడగండి."

బాణం ఆ పేరంతా ఒకసారి చదివింది. పేజీ అడుగుకు దిగి, తీరిగ్గా, వంకరగా, ఒక సున్నా చుట్టింది.