కొండమనిషి చేపలు కాల్చిన రోజు

2006వ సంవత్సరం. కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతపడి అయిదేళ్లయింది. మగవాళ్లు చాలామంది తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయేవారు. మా ఆయనా అంతే. నేను ఆండర్సన్‌పేటలో సినిమా డిస్కులు అద్దెకిచ్చే అంగడి నడిపేదాన్ని. పుట్టింది కామసముద్రం దగ్గర, రాగులు పండించే ఇంట్లో. సినిమాకు పోతానంటే మా నాయన కర్ర తీసేవాడు. అలాంటిదాన్ని తెచ్చి రోజంతా సినిమాల మధ్య కూర్చోబెట్టాడు ఆ ఏడుకొండల వెంకటరమణుడు. ఇంతకంటే ఏం కావాలి చెప్పండి!

ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. అప్పటి వీసీడీలో సినిమా అంతా ఒక డిస్కులో పట్టేది కాదు. సగం మొదటి డిస్కులో, సగం రెండోదాంట్లో ఉండేది. నా దగ్గర కొత్త సినిమా ఒక్క సెట్టే ఉంటుంది, అడిగే ఇళ్లు మాత్రం బోలెడు. అందుకని ఒక పద్ధతి పెట్టాను. మొదటి డిస్కు ఒకరికిస్తాను. వాళ్లు చూసి తెచ్చాక అది పక్కింటికి పోతుంది, వీళ్లకు రెండోది వస్తుంది. దీన్ని ‘రిలే’ అనేవాళ్లం. మధ్యలో చిక్కుకున్నవాళ్లు అంగడి ముందు నిలబడి, “హీరో బతుకుతాడా లేదా, అంత మాత్రం చెప్పు సరోజక్కా” అని ప్రాణం తీసేవాళ్లు. చెప్పేదాన్ని కాదు. ముగింపు చెప్పేస్తే రెండో డిస్కు ఎవరు తీసుకుంటారు?

స్టెల్లా టీచర్ నాకు పాత గిరాకీ. గని కార్మికుల లైను ఇళ్లలో పుట్టి పెరిగిన మనిషి. ఆదివారం చర్చిలో పిల్లలకు సండే స్కూల్ నడిపేది. ఆ క్లాసంటే ఆమెకు ప్రాణం. ఒకసారి తెలుగులోకి డబ్ చేసిన ఇంగ్లీషు సినిమా చూసి, మరుసటి రోజే అంగడికి పరుగెత్తుకొచ్చింది. అందులో ఒక కొండమనిషి ఉంటాడు. కొండంత ఒళ్లు, పసివాడి మనసు. ఊరంతా వాడిని ఎగతాళి చేస్తుంది. మాయరాణి ఏటికి వరద తెప్పించి వంతెన విరగ్గొడితే, ఎగతాళి చేసినవాళ్లే దాటిపోయేదాకా వాడు ఆ వంతెనను భుజాన మోసి, చివరికి దాంతోపాటే మునిగిపోతాడు. మొదటి డిస్కు అక్కడ ఆగుతుంది.

“ఇది సుమ్నే, ఉత్త మాయల సినిమా కాదక్కా. దీంట్లో మా యేసయ్య కత ఉండాది. నా క్లాసు పిల్లోళ్లకు చూపిస్తాను” అంది స్టెల్లా.

“నాకు గ్రాఫిక్సే కనబడినాయి టీచర్. నీకు దేవుడే కనబడినాడు. నీ అద్దె గిట్టింది పో” అన్నాను.

క్లాసు సమయం సగం సినిమాకే చాలుతుంది. అందుకని ఒక ఆదివారం మొదటి డిస్కు, వచ్చే ఆదివారం రెండోది అనుకుంది. అక్కడే వచ్చింది తంటా. కొండమనిషి మునిగిపోయాడని పిల్లలు ఏడుస్తూ ఇళ్లకు పోయారు. ఒక పాప అన్నం కూడా ముట్టలేదట. తల్లులు చర్చి పెద్ద దేవదాసుగారి మీద పడ్డారు. ఆయన శనివారం స్టెల్లాను పిలిచి, ఇంక క్లాసు తీసుకోవద్దన్నాడు. అంతటితో ఊరుకోక, ఆమెను వెంటబెట్టుకుని నా అంగడికే వచ్చాడు. పాతికేళ్లు గనిలో పని చేసిన మనిషి, గొంతు గట్టిది.

“ఏమమ్మా, ఈ దయ్యాల సినిమాలు పంచేది నువ్వేనా?”

నాకు ఒళ్లు మండింది. “దయ్యాలను అద్దెకియ్యను పెద్దాయనా, సినిమాలే ఇస్తాను. సగం కత విని తగువుకొస్తే ఎట్ల?”

“అయితే మిగతాది చెప్పు.”

“చెప్పను. కూర్చోని చూడండి.”

రెండో డిస్కు రిలేలో వెనక వీధి ఇంట్లో ఉంది. పోయి చూస్తే వాళ్లు మంచి పట్టులో ఉన్నారు. పెనం మీద దోసె ఉండగా పొయ్యి ఆర్పినట్టు డిస్కు లాక్కొచ్చాను. వాళ్ల తిట్లు వీధి మలుపుదాకా వినబడ్డాయి. డిస్కులు బాగున్నాయో లేదో చూసుకోవడానికి అంగడిలో చిన్న టీవీ ఒకటి ఉండేది. దాంట్లో పెట్టాను.

కొండమనిషి బతికి వచ్చాడు. దేవదాసుగారు పెదవి విరిచాడు. “సినిమాల్లో ఎవరు చస్తారమ్మా! పది గుండ్లు తగిలినా హీరో లేస్తాడు. అయితే అందరూ యేసు ప్రభువులేనా?”

స్టెల్లా తెర వైపు వేలు చూపింది. “లేచొచ్చి పగ తీర్చుకునేవాడు హీరో అంకుల్. వీడు లేచొచ్చి ఏం చేస్తాడో చూడండి.”

తెల్లవారుతోంది. వాడిని వదిలేసి పారిపోయినవాళ్లు ఏటి ఒడ్డుకొస్తారు. ఒడ్డున వాడు నిప్పులు రాజేసి చేపలు కాలుస్తూ కూర్చుని ఉంటాడు. భుజం మీద వంతెన దూలం కోసిన గాయం ఇంకా ఉంది. వాళ్లు సిగ్గుతో తల దించుకుంటే ఒక్క మాట అనడు. పక్కకు జరిగి చోటిచ్చి, తినడానికి పిలుస్తాడు.

“యేసయ్య కూడా లేచినాక ఒడ్డున చేపలు కాల్చి శిష్యులను పిలిచినాడు కదా అంకుల్” అంది స్టెల్లా మెల్లగా.

“ఆపమ్మా” అన్నాడు పెద్దాయన. ఆపాను. కాల్చిన చేప అందిస్తున్న ఆ చేయి తెర మీద అలాగే నిలిచిపోయింది.

గనిలో లోతున రాయి ఒత్తిడికి పేలితే కార్మికులు ‘ఏర్ బ్లాస్ట్’ అంటారు. ఆయన దాని గురించే మొదలుపెట్టాడు. “ఏర్ బ్లాస్ట్ అయినప్పుడు పైకప్పుకు ఆసరా పెట్టిన మొద్దు జారింది. నా జోడీ ఏసన్న భుజం పెట్టి ఆపినాడు. ‘పోరా దాసూ’ అన్నాడు. నేను పోయినాను. వాడు రాలేదు. పోయిన ఆదివారం పిల్లోళ్లు ఆ వంతెన కత చెప్తా ఏడిస్తే నాకు వాడే కనబడినాడు. అందుకే అంత కోపం.” టీవీలో ఆగిన ఆ చేయి వైపు చూపించాడు. “నేను పారిపోయినోన్నమ్మా. రేపు పైలోకంలో వాడు ఎదురుపడితే ఏమంటాడో అని ఇన్నేళ్లూ ఒకటే భయం. తినడానికి పిలుస్తాడని ఎప్పుడూ తోచలేదు.”

నాకు ఏడుపు ఆగలేదు. స్టెల్లా ఆయన చేయి పట్టుకుని కూర్చుంది. అద్దె సంగతి కూడా మరిచిపోయి పోయారిద్దరూ. నేనూ అడగలేదు.

మర్నాడు రెండు డిస్కులూ నేనే తీసుకుపోయాను. నేను చర్చి గడప తొక్కడం అదే మొదలు. దేవదాసుగారు క్లాసు సమయం పొడిగించి, పిల్లల వెనక బెంచీ మీద కూర్చున్నాడు. మొదటి డిస్కు చివర పిల్లలు మళ్లీ ఏడుపు అందుకున్నారు. ఆయన లేచి, “ఏడవద్దండప్పా, ఇంగో డిస్కుండాది” అన్నాడు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది.

ఆ తర్వాత పిల్లలున్న ఇంటికి మొదటి డిస్కు ఒక్కదాన్నే ఎప్పుడూ పంపలేదు. రిలేవాళ్లు సణిగారు. సణగనీ అన్నాను. చావు దగ్గర కథ ఆపి మనుషులను ఇంటికి పంపకూడదని ఆ పెద్దాయనను చూశాకే నాకు తెలిసింది.