సొంత చెట్టు బొండాం

చిన్నాన్న పోయాడని పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను పలాసలో జీడి బట్టీ దగ్గర పిక్కలు వొలుస్తున్నాను. "అయిపోనాది తల్లీ, రా" అంది. ఏమైందని అడగలేదు. మా ఉద్దానంలో అడగరు. కిడ్నీలే.

ఆయన పోయిన తీరు తలుచుకుంటే నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది. మీరే చెప్పండి, ఇది న్యాయమేనా?

వల తనే అల్లుకునేవాడు. పడవకి చిల్లు పడితే తనే పూడ్చుకునేవాడు. వేట లేని రోజు తోటలోనే. చేపల తలలూ పేగులూ కుళ్ళబెట్టి కొబ్బరి మొదళ్ళలో వేస్తుంటే పిన్ని ముక్కు మూసుకుని తిట్టేది. "సేత్తో సేసుకున్నదే సివరంటా వొత్తాదే" అనేవాడు. ఆడపిల్లకి వల ముడులెయ్యడం ఎందుకని మా నాన్న విసుక్కున్నా వినకుండా నాకు నేర్పాడు. జీడిమొక్కకి అంటు కట్టడమూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇవాళ్టికీ మా పెరట్లో పండేది నేను బజార్లో కొనను.

తుఫాను తోటని నేలమట్టం చేసింది. ఒక్క ముసలి చెట్టు మిగిలింది. ఊరంతా నెత్తిన చేతులు పెట్టుకుంటే ఆయన పడిన మానులు కోసి పాకకి గుంజలు వేశాడు. విత్తనం కాయల్ని నీళ్ళ గోలెంలో వేసి, నిలువుగా తేలినవే ఏరి పాతాడు. "పడవైనా కాయైనా నీట్లో ఏత్తేనే బుద్ది తెలుత్తాది" అన్నాడు.

మొక్కలు ఎదిగాయి, ఆయన ఒళ్ళు వాచింది. డయాలసిస్ మొదలైంది. నీళ్ళు కొలిచి తాగాలి, కొబ్బరినీళ్ళు గుండెకే ముప్పు, అసలు తాగకూడదన్నారు. "కొన్నది కాదు కదా డాట్రుబాబూ, నా సెట్టుదే" అని నవ్వాడు. తను పెంచింది తనకి చెడు చేయదని ఆయన నమ్మకం. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ముసలి చెట్టు బొండాం కొట్టుకు తాగాడు. ఆటోలో పలాస చేర్చేసరికి కళ్ళు తేలేశాడు. ఎలాగో బతికించారు. పిన్ని కత్తి దాచేసింది.

అప్పుడే కొత్త చెట్లు మొదటి గెలలు వేశాయి. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయి మంచం మీంచి వాటినే చూసేవాడు. ఆసుపత్రి ఖర్చులకని ఆ గెలలే దింపి బేరగాడికి ఇచ్చేవాళ్ళం, ఆయన కళ్ళముందే.

"ఒక్క గుక్కే. నా సెట్టు, నా కత్తి. వొద్దనడానికి నువ్వెవులివే?"

"నీ పెళ్ళాన్ని. సేతులారా సంపుకోలేను."

"ఇలాగ బతికించి ఏటి సేత్తావే?"

పిన్ని కత్తి ఇవ్వలేదు.

నేను వెళ్ళేసరికి ఆయన్ని వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. నోట్లో తులసి నీళ్ళు పొయ్యమన్నారు పెద్దలు. పిన్ని లోపలికి వెళ్ళి బియ్యం డబ్బాలోంచి కత్తి తీసుకొచ్చింది. కొత్త చెట్టు కాయ తనే కొట్టింది.

"తాగు మావా. ఇంకెవులూ వొద్దనరు."

పళ్ళు బిగుసుకున్నాయి. నీళ్ళు పెదవి పక్కనుంచి జారి, చెవి మీదుగా ఇసకలోకి పోయాయి. బొండాం ఖాళీ అయ్యేదాకా పిన్ని పోస్తూనే ఉంది.