ఇంజన్ ఎటువైపు?

వరుసగా పెట్టిన కంప్యూటర్లన్నీ ఒక్కసారి ఆన్ చేస్తే, లోపలి ఫ్యాన్లు తిరిగి వేడెక్కిన దుమ్ము వాసన ఒకటి వస్తుంది. ఈ పొద్దున మా ఆఫీసులో ఆ వాసన తగలగానే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నేను పనిచేసిన శిక్షణ కేంద్రం, తాళాల గుత్తి ఆడిస్తూ ల్యాబు గుమ్మంలో నిలబడే సింహాచలం బాబాయి గుర్తొచ్చారు. మనసు హాయిగా అయిపోయింది.

ఆయన నాకు చుట్టం కాదు. ఆ ఊళ్లోనే తోర్వా అనే పేటలో మా ఇంటి చుట్టుపక్కల, తాతల నాడే శ్రీకాకుళం నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబాల్లో పెద్దవాళ్లందరూ మాకు బాబాయిలే. ఆయన ఉద్యోగమంతా యార్డులో నంబర్ టేకరుగా చేశారు. అంటే గూడ్సు బండి పొడవునా నడిచి, ఒక్కో వ్యాగను నంబరూ చూసి పుస్తకంలో రాసుకోవడం. మోకాలు దెబ్బతిన్నాక, కూర్చుని చేసే పని అని మా ల్యాబుకు పంపారు. ఆయన కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. నేనక్కడ ఆరు నెలల కాంట్రాక్టు మీద చేరిన ఇన్‌స్ట్రక్టర్ని. ఇరవై మూడేళ్లు, బోలెడంత పొగరు.

మా ల్యాబు పాత గోడౌను. పొడవాటి గదిలో ఇరవై నాలుగు కంప్యూటర్లు ఒకే బారున ఉండేవి. ప్రతి బ్యాచీ వెళ్లాక వాటిలో ఉన్నదంతా చెరిపి, ప్రోగ్రాములన్నీ మళ్లీ ఎక్కించి, ఒక్కోదానికీ పేరు పెట్టడానికి నాకు మూడు రోజులు పట్టేది. ఒక కంప్యూటర్ని శుభ్రంగా తయారుచేసి, దాని నకలును నెట్‌వర్కు మీద మిగతావాటికి ఒకేసారి పంపడం నేర్చుకున్నాను. చిక్కేమిటంటే నకళ్లన్నీ ఒకే పేరుతో లేస్తాయి. అందుకని ప్రతి కంప్యూటరూ తన నెట్‌వర్కు కార్డు నంబరు చూసుకుని, జాబితాలో దానికి ఎదురుగా ఉన్న పేరు తనే పెట్టుకునేలా చిన్న ప్రోగ్రాం రాశాను. ప్రిన్సిపాల్ గారు నమ్మలేదు. సోమవారం సిబ్బందికి ప్రమోషన్ పరీక్ష ఉంది, అది సజావుగా జరిగితే నీ కాంట్రాక్టు పొడిగిస్తాను, లేకపోతే లేదు అన్నారు. పరీక్షలో ఎవరి జవాబులైనా వాళ్ల సీటు నంబరే పేరుగా ఉన్న కంప్యూటర్లో ఉండాలి.

"కార్డు నంబర్లన్నీ తీగ మీద ఇక్కడ కూర్చునే లాగేస్తాను బాబాయ్," అన్నాను.

"అచ్ఛా. ఏ నంబరు ఏ కుర్సీ ముందున్నాదో తీగ సెప్తాదేటి?" అన్నారాయన.

ఆయన టార్చి పట్టుకుని, కుంటుకుంటూ, ఒక్కో పెట్టె వెనక వంగి, అక్కడ అంటించి ఉన్న నంబరు చదివి రిజిస్టర్లో వరుసగా రాసిచ్చారు. ముత్యాల్లాంటి అక్షరాలు. పేజీ పైన 'ఇంజన్' అని రాసి, పక్కన ఒక బాణం గుర్తు వేశారు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది అని నవ్వుకుని జాబితా టైపు చేసుకున్నాను. తరవాత గుమ్మం దగ్గర నుంచి ఒకటి, రెండు అని మానిటర్లకు సీటు నంబర్ల చీటీలు అంటించాను.

సోమవారం పొద్దున్నే పని మొదలెట్టాను. రెండు గంటల్లో ఇరవై నాలుగూ కొత్తగా లేచి, దేని పేరు అది పెట్టుకున్నాయి. పట్టలేని ఆనందంతో చప్పట్లు కొట్టాను. బాబాయి కొట్టలేదు. రిజిస్టరు చంకన పెట్టుకుని వరుస వెంట నడవబోయి, మొదటిదాని చీటీ దగ్గరే ఆగిపోయారు.

"పాపా, సీటీ ఒకటంటంది, లోపల ఇరవై నాలుగంటంది. ఏటిది?"

రిజిస్టరు తీసుకుని చూశాను. రిజిస్టర్లో ఆయన బాణం కిటికీ వైపు ఉంది. అక్కడ సర్వర్ ఉంది. అన్నిటినీ లాగేది అదే కాబట్టి ఆయన లెక్కలో అదే ఇంజను, ఒకటో నంబరు అక్కడి నుంచే. నాకేమో గుమ్మం నుంచి. పరీక్షకు అరగంటే ఉంది. అభ్యర్థులు అప్పటికే వరండాలో నిలబడ్డారు. పేర్లు మళ్లీ మార్చబోతే మధ్యలో ఏదైనా మొరాయిస్తుందేమో. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవకు తల్లీ. బండి తిప్పక్కర్నేదు. ఇంజను ఉండాల్సినకాడే ఉన్నాది. నీ సీటీలు పీకేయ్," అన్నారు బాబాయి.

చీటీలన్నీ పీకాం. ఆయన కిటికీ నుంచి ఒకటి, రెండు అంటించుకుంటూ వచ్చారు, నేను గుమ్మం నుంచి ఇరవై నాలుగు, ఇరవై మూడు అంటించుకుంటూ వెళ్లాను. మధ్యలో ఎదురుపడి ఇద్దరం పగలబడి నవ్వాం. ప్రిన్సిపాల్ గారు వచ్చి, నంబర్లు ఆ చివర నుంచి ఎందుకు మొదలయ్యాయని అడిగారు.

"సాబ్, ఇంజన్ ఉధర్ హై," అన్నారు బాబాయి నిటారుగా నిలబడి, ఇంజను అటుందని కిటికీ వైపు చెయ్యి చూపిస్తూ.

ప్రిన్సిపాల్ గారూ రైల్వే మనిషే కదా, తలూపి వెళ్లిపోయారు. పరీక్ష హాయిగా జరిగింది. వారంలో నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం వచ్చింది. సమోసాలు పట్టుకెళ్లి, తప్పు నాదే బాబాయ్, బాణం చూసి కూడా పట్టించుకోలేదు అన్నాను.

"నీదీ కాదు, నాదీ కాదు. ఇద్దరం కలిసి ఒక్కపాలి నడవనేదు. అదే తప్పు," అన్నారు సమోసా తుంచుతూ.

ఆ తరవాత ప్రతిసారీ కలిసే నడిచాం. ఆయన రిజిస్టరు చదివేవారు, నేను తెర చూసి సరి అనేదాన్ని. ఆ నడకంటే నాకు ఎంత ఇష్టమో ఆయనకు చెప్పానో లేదో గుర్తులేదు.

ఇప్పుడు నేను చూసుకునేవి వందల కంప్యూటర్లు. కూర్చున్నచోటి నుంచే అన్నీ చేయొచ్చు. అయినా పని మొదలెట్టే ముందు ఇంజన్ ఎటువైపు అని అడుగుతాను, పని అయ్యాక వరుసలన్నీ నడిచి వస్తాను. నాతో పనిచేసేవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. ఈ పొద్దున కూడా నడిచాను. మూడో వరుసలో, కిటికీ పక్కన, ఒకటి తప్పు పేరుతో లేచి కూర్చుంది. దొరికింది బాబాయ్, అన్నాను పైకే.