భువనగిరి గొర్లకు నల్గొండ కమాండు

పాత నల్గొండ జిల్లా మూడు ముక్కలైన కొన్నేళ్లకు నన్ను చౌటుప్పల్ ఆఫీసుకు బదిలీ చేశారు. హోదా సిస్టమ్స్ మేనేజర్. మాదొక ప్రైవేటు కంపెనీ. గొర్ల కాపరులు ఫోను చేసి టీకా కావాలంటే, ఆ పిలుపును వాళ్ల జిల్లాలో తిరిగే మందుల బండికి చేర్చడం మా పని. రిటైర్మెంటు దగ్గర పడ్డవాణ్ణి కూర్చోబెట్టి కంటెయినర్ క్లస్టర్ నేర్పారు. తప్పుతుందా, నేర్చుకున్నాను.

కొన్ని కంప్యూటర్లను కలిపి ఒక్కటిగా నడిపితే క్లస్టర్. ప్రోగ్రామును దాని సరంజామాతో సహా మూటగట్టి అందులో నడుపుతారు, ఆ మూటే కంటెయినర్. క్లస్టరులో గదుల్లాంటి విభాగాలుంటాయి. వాటిని నేమ్‌స్పేస్ అంటారు. మేం జిల్లాకొకటి పెట్టుకున్నాం. నల్ల తెర మీద ఒక వరుస కమాండు కొడితే ప్రోగ్రాం తయారవుతుంది. ఏ గదిలో తయారవాలో ఆ వరుసలోనే చెప్పాలి.

ఆ ఏడు, ఆ మూడు ముక్కల్లో ఒకటైన భువనగిరికి సొంత బండి వచ్చింది. దానికి పిలుపులు అందించే ప్రోగ్రాం పెట్టే పని స్వరూపకు ఇచ్చాను. మోత్కూరు పిల్ల, మా ఇంజనీర్లలో చెయ్యి తిరిగినది. చకచకా కొట్టేసింది. తయారైందని యంత్రం జవాబిచ్చింది, తెర మీద అన్నీ పచ్చగా వెలిగాయి. నాకూ అంతకన్నా చూసే ఓపిక లేదు. ఇంకా పది పనులున్నాయి.

తొలకరి పడింది. లేతగడ్డి మొలిచే రోజుల్లో గొర్లకు చిటుకు రోగం వస్తుంది. పొద్దున మేసిన గొర్రె మాపటికి ఉండదు. టీకా వానకు ముందే పడాలి, ఎందుకంటే వేశాక అది పట్టడానికి కూడా రోజులు కావాలి.

ఒక మధ్యాహ్నం కొమురయ్య అనే కాపరి ఫోను ఆ బల్లా ఈ బల్లా తిరిగి నా దగ్గరికొచ్చింది. వానకు ముందే చెప్పుకున్నాడట, బండి రాలేదట, మందలో గొర్లు పడిపోతున్నాయట. ఊరు మోత్కూరు దగ్గరే. ఏ జిల్లా అని అడిగాను.

"నల్గొండ జిల్లనే సారూ, ఇంకేడిది? గిప్పుడు కాయిదాలల్ల భువనగిరి అంటున్నరు గని, మేం పుట్టినకాన్నించి నల్గొండనే."

పక్క బల్ల దగ్గర స్వరూప ఆ మాట విన్నది. తన పాత కమాండు తీసి చూసుకుంది. గది పేరు దగ్గర నల్గొండ అని ఉంది. బడిలో చేరినప్పటి నుంచి ప్రతి దరఖాస్తులో జిల్లా అంటే అదే రాసిన చెయ్యి. యంత్రం లెక్కలో కమాండులో తప్పేమీ లేదు. ప్రోగ్రాం నల్గొండ గదిలో ఆరోగ్యంగా కూర్చుని అక్కడికి రాని భువనగిరి పిలుపుల కోసం ఎదురుచూస్తోంది. ఆ పిలుపులన్నీ భువనగిరి గదిలో తీసుకునేవాడు లేక పేరుకుపోయాయి. ప్రోగ్రాం ఆరోగ్యంగానే ఉంది కనుక తెర మాత్రం పచ్చగానే ఉంది.

ఈసారి చేత్తో కొట్టనివ్వలేదు. ఏది ఏ గదిలో ఉండాలో ముందు ఫైలులో రాయించి, నేను చదివి, ఆ ఫైలు నుంచే క్లస్టరుకు ఎక్కించాం. తర్వాత తప్పు గదిలోది తీసేశాం. పట్టిన సమయం టీ చల్లారేంత. పిలుపులన్నీ ఒక్కసారిగా బండి మీద పడితే డ్రైవరు మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టాడు.

మర్నాడు కొమురయ్యకు నేనే ఫోను చేశాను.

"బండొచ్చింది సారూ, సూదులేసిన్రు. జర ముందుగాల రావాలె గద."

అంతే అన్నాడు. వాడూ తిడితే బాగుండుననిపించింది. టీకా పట్టేలోపు సగం మంద పోయింది. తప్పు ఎవరిదని పైవాళ్లు అడిగితే పద్ధతిదని రాశాను. స్వరూప ఆ వారమంతా మిగతా జిల్లాల గదులు ఒక్కొక్కటే తెరిచి సరిచూసుకుంది.

తయారైందని యంత్రం చెబితే, మనం చెప్పిన చోట తయారైందని మాత్రమే అర్థం. కావలసిన చోట అయిందో లేదో అవతలి మనిషిని అడగాలి. అప్పటి నుంచి రిటైరయ్యే దాకా, మొదటి పిలుపు అందిందని బండి డ్రైవరు చెప్పనిదే ఏ పనీ పూర్తయినట్టు నేను సంతకం పెట్టలేదు. మరుసటి వానకు ముందు భువనగిరి పిలుపులన్నీ వేళకు చేరాయి. వాటిలో కొమురయ్యది లేదు. మిగిలిన గొర్లు అమ్మేశాడని ఆ డ్రైవరే చెప్పాడు.